నలభయ్యో అల

హాస్టల్, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూలై 4, శుక్రవారం

పిన్నీ,

ఈ రోజు జూలై నాలుగు. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: నోటీసు బోర్డు మీద నా పేరు! ఈ మూడేళ్ళలో ఆ బోర్డు మీద నా పేరు రెండేసార్లు చూశాను. రెండుసార్లూ లైబ్రరీ పుస్తకం తిరిగివ్వనందుకే. అందుకని ఈసారి కూడా ఏ పుస్తకం ఇవ్వలేదా అనుకున్నాను. జనాన్ని తోసుకుని వెళ్ళి చూస్తే "వార్షికోత్సవ సంగీత నాటకం, నవంబర్ 15, పాల్గొనువారు" అని ఉంది. అన్నిటికంటే కింద ఉన్న పేరు నాది. కింద నుంచి చదివితే నేనే ఫస్టు.

నాటకం కథ చెప్తాను విను. సముద్రం ఒడ్డున ఒక దీపస్తంభం. అందులో దీపం వెలిగించే ముసలాయన, ఆయన కూతురు. తుఫాను రోజున దీపం ఆరిపోతుంది. కూతురు మెట్లన్నీ ఎక్కి పైనుంచి పాడుతుంది. ఆ పాట పట్టుకుని పడవలన్నీ ఒడ్డుకు చేరతాయి. మాటలు తక్కువ, పాటలు పదకొండు. కూతురి వేషం పదో తరగతి అక్కది. మిగిలిన నలభై మందిమి అలలం. నీలం గుడ్డ కప్పుకుని, ఊగుతూ, పాడాలి. నేను నలభయ్యో అలని.

ఎంపికప్పుడు చాలా భయపడ్డాను. కళ్ళు మూసుకుని మన ముందుగదిలో ఉన్నాననుకున్నాను. నువ్వు కుట్టుమిషన్ తొక్కుతూ పాడుతున్నావు. నేను బల్ల కింద కూర్చుని రాలిన గుండీలు ఏరుతూ నీ వెనకే అందుకుంటున్నాను. అంతే, గొంతు దానంతటదే వచ్చేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో మనమిద్దరమే కదా, నాకు వేరే సంగీతం మాస్టారు ఎక్కడున్నారు!

అందరూ రెడీమేడ్ బట్టలు కొనుక్కోవడం మొదలుపెట్టకపోతే నువ్వు మిషన్ మీద దుప్పటి కప్పేసి ఆ నేత మిల్లుకి వెళ్ళేదానివి కాదు, నేనీ హాస్టల్‌కి వచ్చేదాన్ని కాదు, అలని కూడా అయ్యేదాన్ని కాదు. దీన్ని మంచి అనాలో చెడు అనాలో తెలియడం లేదు.

తెలుగు మాస్టారు రోజుకో మాట నోటుబుక్కులో రాసుకోమన్నారు. ప్రతి ఉత్తరంలోనూ నీకొకటి పంపుతాను. ఈసారి "కెరటం". అల అంటే పడుకుని ఉన్నట్టుంటుంది. కెరటం అంటే లేచి నిలబడ్డట్టు లేదూ?

ఆదివారాలు వార్డెనమ్మ ఫోన్ ఇస్తుంది. చేయనా? పాడి వినిపిస్తాను.

నీ గుండీ


మిల్లు క్వార్టర్లు, ఏడో గది
జూలై 13, ఆదివారం

గుండీకి,

నీ ఉత్తరం పక్క మగ్గం వదినకి చూపించాను. ఆవిడ ఇంకో నలుగురికి చూపించింది. సాయంత్రానికి షెడ్డు మొత్తానికి నువ్వు అలవని తెలిసిపోయింది. "మీ అల ఎలా ఉంది?" అని అడుగుతున్నారు.

ఫోన్ వద్దులే అమ్మా. ఇక్కడ ఫోన్ మేస్త్రీ గదిలో ఉంటుంది. చుట్టూ జనం. ఉత్తరమే రాయి. ఫోన్లో మాట పెట్టేయగానే అయిపోతుంది. ఉత్తరమైతే దిండు కింద పెట్టుకోవచ్చు.

మా షెడ్డు గురించి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నూట ఇరవై మగ్గాలు. అన్నీ ఒకేసారి నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని ఇక్కడ ఎవరూ గొంతుతో మాట్లాడరు. పెదాలతో మాట్లాడతారు. నోరు బాగా తెరిచి, మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగి, మొహం ఎదురుగా పెట్టి చెప్పాలి. ఆరు నెలలు పట్టింది నాకు నేర్చుకోవడానికి. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు కబుర్లాడుకుంటాం.

మొన్న ఏమైందనుకున్నావు? మేస్త్రీ ప్యాంటు వెనక కుట్టు విడిపోయింది. వదిన ఆ సంగతి ముప్పై గజాల అవతల ఉన్నావిడకి చెప్పింది, ఆవిడ ఇంకొకావిడకి. ఆయన మధ్యలోంచే దర్జాగా నడిచి వెళ్తున్నాడు పాపం. షెడ్డంతా ఒకటే నవ్వు. అందరూ సంతోషంగా పనిచేస్తున్నారనుకుని ఆయనా నవ్వాడు. చివరికి నేనే జాలిపడి సూదీ దారం ఇచ్చాను.

పాటలన్నీ ఒక్కో వరసా విడివిడిగా రాసి పంపు. చదువుకుంటాను. వేళకి తిను. గోళ్ళు కొరక్కు.

పిన్ని


హాస్టల్, రెండో అంతస్తు
ఆగస్టు 10, ఆదివారం

పిన్నీ,

మేస్త్రీ ప్యాంటు కథ మా గదిలో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. కళ్ళజోడు (నా పక్క మంచం అమ్మాయి, పెద్ద కళ్ళద్దాలు) నవ్వీ నవ్వీ మంచం మీంచి కింద పడింది. ఇప్పుడు మేమిద్దరం స్టడీ అవర్లో పెదాలతో మాట్లాడుకోవడం నేర్చుకుంటున్నాం. నిన్న నేను "లెక్కల పుస్తకం ఇవ్వు" అంటే తను వెళ్ళి చన్నీళ్ళు తెచ్చింది.

రిహార్సల్స్ పాత హాల్లో జరుగుతున్నాయి. స్టేజీ దగ్గర నుంచి చివరి కుర్చీ దాకా అంతా చెక్క నేలే. కింద బోలు. ఎవరు నడిచినా హాలు మొత్తానికి తెలిసిపోతుంది. మా వాచ్‌మన్ తాత వస్తే వెనక్కి చూడకుండానే చెప్పేయొచ్చు, ఒక కాలు బరువుగా వేస్తాడు.

పాటల మేడం చాలా కచ్చితమైన మనిషి. ఒక్క వరస కోసం గంట కూర్చోబెడతారు. నలభై మంది కలిసి పాడుతుంటే ఎలా ఉంటుందంటే, ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. మొన్న నన్ను ముందు వరస నుంచి వెనక వరస చివరికి మార్చారు. పొడుగున్నానని. వెనక నుంచి అందరి జడలూ కనిపిస్తాయి. బాగానే ఉంటుంది.

పాటలు రాసి ఇందులో పెట్టాను, పదకొండూ. తొమ్మిదోది అన్నిటికంటే బాగుంటుంది. "ఇటు రా, ఓ పడవా, ఇటు రా, నా గొంతే నీకు గట్టు" అని మొదలవుతుంది. దీపం ఆరిపోయాక కూతురు పాడేది అదే. అలలు ఊరికే "ఊఁ" అంటూ ఉండాలి.

ఈసారి మాట "హోరు". రాస్తుంటేనే చెవిలో మోగుతుంది.

పిన్నీ, వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. వద్దనకు. నీతో మాట్లాడాలి.

గుండీ


మిల్లు క్వార్టర్లు, ఏడో గది
ఆగస్టు 24, ఆదివారం

బంగారు గుండీకి,

పోయిన ఆదివారం నీ ఫోన్ వచ్చిందని మేస్త్రీ చెప్పగానే పరిగెత్తాను. ఎంత బాగా పాడావే! నా కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. మేస్త్రీ కూడా చూశాడు. ఆ తొమ్మిదో పాటేగా? గదికి వచ్చి నువ్వు రాసి పంపిన కాయితం తీసుకుని మళ్ళీ చదువుకున్నాను.

సెలవు అడిగేశాను. నవంబర్ పదిహేనుకి వస్తున్నాను. మొదటి వరసలో కూర్చుంటాను, ఎవరేమన్నా లేవను. పక్క మగ్గం వదిన తన నీలం చీర ఇస్తానంది. నువ్వు అలవి, నేనూ నీలం కట్టుకుంటే అల పిన్నిని అని తెలుస్తుందట.

జ్వరం అదీ లేదుగా? ఫోన్లో గొంతు కాస్త బొంగురుగా ఉన్నట్టనిపించింది.

పిన్ని


హాస్టల్
సెప్టెంబర్ 7, ఆదివారం

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. రోజూ జవాబు రాద్దామని కూర్చుంటాను, లేచిపోతాను.

నేను ఫోన్లో పాడలేదు.

ఒక్క వరస కూడా పాడలేదు పిన్నీ. వార్డెనమ్మ అటు వెళ్ళగానే ఒక సంగతి చెప్పాను. చెప్తూ ఏడ్చాను కూడా. నువ్వు "ఊఁ, ఊఁ" అన్నావు. నేను ఆగాను, నువ్వేమంటావోనని. నువ్వు "చాలా బాగుంది తల్లీ, చాలా బాగా పాడావు" అన్నావు. నేను ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడ్డాను. వార్డెనమ్మ వచ్చి "లైను కట్టయిందా?" అంది. అవునన్నాను.

నువ్వు వినలేదు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. ఈసారైనా చదువు.

పొడుగున్నానని నన్ను వెనక్కి మార్చలేదు. నేను పాడేటప్పుడు నా కుడికాలు ఊరుకోదు. టక టక టక మని నేల మీద తొక్కుతూనే ఉంటుంది. ఆ చెక్క నేల మీద అది హాలంతా మోగుతుంది. కాలు కట్టేసుకున్నట్టు నిలబడితే గొంతు రాదు. ఇంకో తప్పు కూడా ఉంది. ఏ పాటైనా ఎనిమిది అడుగులు పాడి, ఒక చోట టక్కున ఆగిపోతాను, మాట మధ్యలో అయినా సరే. పక్కవాళ్ళూ నాతో పాటు ఆగిపోతారు. మేడం హార్మోనియం ఆపి, "అక్కడ ఎందుకాగుతావ్? అక్కడేముంది?" అని అడిగారు. నాకు తెలియకుండానే నిజం చెప్పేశాను. "అక్కడ మా పిన్ని గుడ్డ తిప్పుతుంది మేడం" అన్నాను. ముప్పై తొమ్మిది మందీ నవ్వారు. ఇప్పటికీ కారిడార్లో కనపడితే "గుడ్డ తిప్పావా?" అంటారు.

నెల్లాళ్ళు చూశారు మేడం. తర్వాత పక్కకి పిలిచారు. తిట్టలేదు, మెల్లగానే చెప్పారు. "నీ గొంతు చెడ్డదని కాదమ్మా. నీతో పాటు వరసంతా తప్పిపోతోంది. నువ్వు గొంతు తీయకు. పెదాలు కదుపు చాలు. దూరం నుంచి ఎవరికీ తెలియదు."

రోజూ రెండు గంటలు అలాగే నిలబడుతున్నాను. ముప్పై తొమ్మిది గొంతులు నా చుట్టూ తిరుగుతాయి. నా నోట్లోకి గాలి వచ్చి, ఊరికే వెనక్కి పోతుంది. అయిపోయాక కళ్ళజోడు "ఈ రోజు భలే పాడాం కదే" అంటుంది. తనకి కూడా చెప్పలేదు. "అవునే" అంటాను. అందరితో ఉన్నప్పుడు ఇంత ఒంటరిగా ఉంటుందని నాకు తెలియదు. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇలా ఉండదు.

నువ్వు రావద్దు. వచ్చి ఏం వింటావు? వేరేవాళ్ళ గొంతులు విని నావనుకుంటావు. ఫోన్లో అనుకున్నట్టు.

ఈసారి మాట పంపడం లేదు.

గుండీ


మిల్లు క్వార్టర్లు, ఏడో గది
సెప్టెంబర్ 21, ఆదివారం

గుండీకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. నాలుగోసారి కాయితం అయిపోయింది, కాబట్టి ఇది పంపక తప్పదు.

ఫోన్లో నువ్వు పాడావో ఏడ్చావో నాకు తెలియలేదు. నాకు వినపడదు గుండీ.

అసలు వినపడదని కాదు. ఎడమ చెవి పోయిన ఏడాదే మూతపడింది. కుడి చెవిలో ఎవరో గోడ అవతల ఉన్నట్టు ఉంటుంది. డాక్టర్‌కి చూపించుకున్నాను. ముందే కొంత లోపం ఉందట, మిగతాది మగ్గాలు చేశాయట. ఇక వెనక్కి రాదన్నాడు. ఎండాకాలం సెలవుల్లో నువ్వు కబుర్లు చెప్తుంటే నేను నీ మొహంలోకే చూస్తూ కూర్చునేదాన్ని. "ఏంటి పిన్నీ అలా చూస్తావు, నేనేమైనా సినిమానా?" అన్నావు, గుర్తుందా? నేను నీ మాటలు చదువుతున్నాను. నువ్వు నవ్వుతూ అటు తిరిగిపోతే, ఆ ముక్క పోయినట్టే.

ఫోన్‌కి పెదాలు ఉండవు. అందుకే ఫోన్ వద్దన్నాను. ఆ రోజు ఏదో గొంతు ఎత్తుగా, తగ్గుతూ, మళ్ళీ ఎత్తుగా అనిపించింది. పాట అనుకున్నాను. పాట అయితే బాగుండునని అనుకున్నాను. నా బిడ్డ ఏడుస్తుంటే బాగుంది, బాగుంది అన్నానని చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? మగ్గాలు నడిచినంతసేపూ నేనూ అందరిలాంటిదాన్నే, ఇంకా మాట్లాడితే పెదాలు చదవడంలో వాళ్ళకంటే నేనే నయం. మధ్యాహ్నం గంట కొట్టాక ఉంటుంది అసలు సంగతి. మగ్గాలు ఆగగానే అందరూ గొంతులు బయటికి తీస్తారు. మొహాలు పక్కకి తిప్పుకుంటారు, డబ్బాల్లోకి వంచుకుంటారు, మూతి తుడుచుకుంటూ మాట్లాడతారు. అప్పుడు నేను గోడ పక్కకి వెళ్ళి కూర్చుంటాను. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంటాను. అరగంట. మళ్ళీ మగ్గాలు మొదలైతే నాకు పుట్టింటికి వచ్చినట్టుంటుంది.

అయితే గంట కొట్టిందని ఎలా తెలుస్తుంది అంటావేమో. అరికాళ్ళకి తెలుస్తుంది. మగ్గాలు నడిస్తే నేల వణుకుతుంది, దాన్ని మేం అదురు అంటాం. అది ఆగితే గంట కొట్టినట్టు. నువ్వు మాట పంపలేదు కాబట్టి ఈసారి నేనే పంపుతున్నాను. "అదురు". నోటుబుక్కులో రాసుకో.

ఆ కాలు సంగతి. తప్పు నీది కాదే పిచ్చిదానా, నా మిషన్‌ది. ఎనిమిది తొక్కులకి జాకెట్టు చేయి ఒక పక్క అయిపోతుంది. అప్పుడు సూది గుడ్డలో ఉంచి, కాలు ఆపి, గుడ్డ తిప్పాలి. అప్పుడు నేను పాట కూడా ఆపేదాన్ని. అదే పాట అని నేర్చుకున్నావు. మీ మేడంకి నా తరఫున క్షమించమని చెప్పు.

నేను వస్తున్నాను. వేరేవాళ్ళ గొంతులు నీవనుకుంటానన్నావు. నాకు ఆ ముప్పై తొమ్మిదీ వినపడవు. హాలంతా నోళ్ళు తెరిచి మూసే జనమే నాకు. అందులో ఎవరు పాడుతున్నారో ఎవరు పాడటం లేదో నాకేం తెలుస్తుంది? నువ్వు నోరు తెరిస్తే చూడటానికి వస్తున్నాను.

పిన్ని


హాస్టల్
అక్టోబర్ 12, ఆదివారం

పిన్నీ, పిన్నీ, పిన్నీ,

నీ ఉత్తరం బాత్రూంలో చదివాను, తలుపు వేసుకుని. ఎండాకాలం సెలవుల్లో నేను ఎన్నిసార్లు అటు తిరిగి మాట్లాడానో లెక్కపెట్టుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. పొయ్యి దగ్గర నుంచి, పెరట్లోంచి, దుప్పటి లోపలి నుంచి. నువ్వు అన్నిటికీ "ఊఁ" అన్నావు. ఇకపై మనిద్దరి మధ్య ఉత్తుత్తి "ఊఁ" ఉండకూడదు. ఒట్టు వెయ్యి. నేను కూడా వేస్తున్నాను, పొడుగున్నానని మార్చారు లాంటివి ఇక రాయను.

కళ్ళజోడుకి చెప్పేశాను, నేను పాడటం లేదని. తను కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత "నాకు తెలుసే. నీ పక్కనే నిలబడతాగా, నీ వైపు చెవి ఖాళీగా ఉంటుంది" అంది. రెండు నెలలుగా తెలిసి కూడా "భలే పాడాం" అనేది. ఎందుకే అంటే, "మరి ఏమనాలి?" అంది.

ఇప్పుడు నీకో రహస్యం. నిన్న రిహార్సల్లో తట్టింది. మేడం పెదాలు కదపమన్నారు. ఏ మాటలు కదపాలో చెప్పలేదు! ముప్పై తొమ్మిది మంది పాట పాడాలి. నేను ఏమైనా అనొచ్చు. నిన్న మూడో పాటంతా "ఈ గుడ్డ దురద, ఈ గుడ్డ దురద" అన్నాను. మేడం నా వైపే చూసి బాగుందని తలూపారు.

అందుకని పిన్నీ, నువ్వు రా. ముందు వరసలో కూర్చో. నాటకమంతా నీతో మాట్లాడతాను. రోజూ అద్దం ముందు సాధన చేస్తున్నాను. ఒక్కటే చిక్కు, అద్దంలో చూస్తే "పాట", "బాట", "మాట" మూడూ ఒకేలా ఉన్నాయి. నువ్వెలా తెలుసుకుంటావు?

ఇంకొకటి ఉంది. తొమ్మిదో పాటకి దీపాలన్నీ ఆర్పేస్తారు. స్టేజీ మీదా, హాల్లోనూ. నాలుగు నిమిషాలు ఏమీ కనపడదు. అందరికీ ఆ పాట వినపడుతూ ఉంటుంది. నీకు ఏం చేయాలో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. భయపడకేం. నాలుగు నిమిషాలే.

గుండీ


మిల్లు క్వార్టర్లు
నవంబర్ 9, ఆదివారం

గుండీకి,

తొందరలో రాస్తున్నాను, డ్యూటీకి వేళయింది. ఒట్టు వేశాను. శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. ముందు నేను కనపడకపోయినా కంగారుపడకు, నేరుగా హాలుకే వచ్చేస్తాను.

పాటకీ మాటకీ తేడా దాని ముందు వెనక ఉన్నవాటిని బట్టి పట్టుకుంటాను. నీ మొహం తెలిసినదాన్ని కాబట్టి సగం అక్కడే తెలిసిపోతుంది. పైపెదవి కొరక్కుండా మాట్లాడు. నవ్వుతూ చెప్పకు, నవ్వితే అన్ని మాటలూ ఒకటే అయిపోతాయి.

చీకటి గురించి బెంగపడకు. రోజూ మధ్యాహ్నం అరగంట కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని, నాలుగు నిమిషాలు కూర్చోలేనా?

పక్క మగ్గం వదినకి నా చెవుల సంగతి చెప్పాను. ఇప్పుడు అన్నం తినేటప్పుడు నాకెదురుగా కూర్చుంటోంది. నోరు తుడుచుకుని మరీ మాట్లాడుతోంది.

పిన్ని


హాస్టల్, రెండో అంతస్తు
నవంబర్ 15, శనివారం, సాయంత్రం ఏడున్నర

పిన్నీ,

నువ్వు కింద విజిటర్ల గదిలో ఉన్నావు, నేను పైన. మధ్యలో ఇరవై రెండు మెట్లు, ఒక వార్డెనమ్మ. ఏడు దాటితే కిందికి దిగనివ్వదు. కళ్ళజోడు వాళ్ళమ్మ కూడా ఆ గదిలోనే దిగింది. జ్వరం మాత్ర ఇచ్చి రావడానికి తనొక్కదాన్ని వదులుతున్నారు. ఈ కాయితం నీ చేతిలో పెడుతుంది.

నాటకం అయ్యాక వరండాలో నీతో బోలెడు చెప్పాను. అక్కడ దీపం లేదు. నువ్వు నా భుజం పట్టుకుని "ఊఁ, ఊఁ" అన్నావు. ఒట్టు వేసిన వారానికే! నాకు కోపం రాలేదు. చీకట్లో మాట్లాడింది నేనే కదా. అందుకే రాస్తున్నాను, నా వైపు నుంచి ఏం జరిగిందో.

తెర లేచేసరికి మొదటి వరసలో నువ్వు లేవు. అన్నీ అతిథుల కుర్చీలట. మొదటి పాటంతా వెతికాను. రాలేదనుకున్నాను. నోరు తెరవాలంటే కూడా ఓపిక లేకపోయింది. మూడో వరసలో ఒక పెద్ద బట్టతల పక్కకి జరిగింది, వెనకాల నీలం చీర.

"ఆలస్యమైందేం?" అన్నాను. రెండో పాట మధ్యలో.

"బస్సు టైరు" అన్నావు. "తిన్నావా?"

"నువ్వు తిన్నావా?"

"ముందు నువ్వు చెప్పు."

నీ పక్కాయన నిన్నే చూస్తున్నాడు. నువ్వు పాటతో పాటు పాడుతున్నావనుకున్నట్టున్నాడు. తర్వాత నేను ఆ దురద సంగతి చెప్పాను, నువ్వు గట్టిగా నవ్వేశావు. సరిగ్గా ముసలాయన రాని పడవల్ని వేళ్ళ మీద లెక్కపెడుతున్నప్పుడు! ఎనిమిది తలలు నీ వైపు తిరిగాయి. నాకు నవ్వు ఆగలేదు, భుజాలు ఊగిపోయాయి. అలని కాబట్టి సరిపోయింది.

అప్పుడు తొమ్మిదో పాట వచ్చింది. దీపాలు ఆరిపోయాయి.

కూతురు పైనుంచి పాడటం మొదలుపెట్టింది. ఎంత బాగా పాడిందో పిన్నీ, అబద్ధం చెప్పను. అందరూ ఆ గొంతు పట్టుకుని కూర్చున్నారు. నీకు పట్టుకోవడానికి ఏమీ లేదు. పెదాలు లేవు, మొహాలు లేవు. గోడ పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నావని రాశావు చూడు, అలా కనిపించావు నాకు, చీకట్లో కూడా. మేడం మాట గుర్తుంది. ఒక్కసారి తొక్కితే ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

ఒక్కసారితో ఆగలేదు. కుడికాలు ఎనిమిది తొక్కింది, ఆగింది. మళ్ళీ ఎనిమిది, ఆగింది. నేలంతా అదిరింది. పక్కనున్న కళ్ళజోడే మోచేత్తో డొక్కలో పొడిచింది. ముందు అల "ఏయ్ గుడ్డ తిప్పేదానా, ఆపు" అని గుసగుసలాడింది. నేను ఆపలేదు. మూడోసారి ఎనిమిది తొక్కి, గుడ్డ తిప్పే చోట ఆగాను.

ఆ ఖాళీలో కింద నుంచి ఒక్క తొక్కు వచ్చింది. నీ చెప్పు మడమ. సరిగ్గా అక్కడ, నువ్వు గుడ్డ తిప్పి మళ్ళీ మొదలుపెట్టే చోట. నా అరికాళ్ళకి తెలిసింది.

తర్వాత మనిద్దరం ఎన్ని జాకెట్లు కుట్టామో లెక్కపెట్టలేదు. దీపాలు వెలిగేసరికి నా మొహం తడిసిపోయి ఉంది. నీది కూడా. నువ్వు ఒకే ఒక మాట అన్నావు. పాటో, బాటో, మాటో నాకు తెలియలేదు. రేపు అడుగుతాను.

అయిపోయాక మేడం గ్రీన్‌రూంకి వచ్చారు. "తొమ్మిదో పాటలో ఆ చప్పుడెవరిది?" అన్నారు. అందరూ నేల చూపులు చూశారు. "నాది మేడం" అన్నాను. "హెడ్‌మాస్టర్ గారు తెడ్ల చప్పుడు అనుకున్నారట" అన్నారు. "గుడ్డ మడతపెట్టి బీరువాలో పెట్టు." వెళ్ళిపోయారు. అది తిట్టో మెచ్చుకోలో కళ్ళజోడుకీ నాకూ ఇంకా తేలలేదు.

ఇప్పుడు కారిడార్లో అందరూ మళ్ళీ ఆ పాటలే పాడుతున్నారు. నన్నూ పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిస్తే అలవాటుగా గాలే వచ్చింది. నవ్వేసి లోపలికి వచ్చేశాను. మూడు నెలలు దాటింది పిన్నీ గొంతు తీసి పాడి. ఉందో పోయిందో కూడా తెలియదు. ఇక్కడ చూసుకోవాలని లేదు. మొదట నీ ముందు చూసుకోవాలి.

అందుకని రేపటి సంగతి విను. నీ బస్సు ఎనిమిదింటికి. బస్టాండుకి నడిస్తే అరగంట, మెల్లగా నడిస్తే గంట. మెల్లగా నడుద్దాం. నువ్వు మామూలుగా నడువు. నేను నీ ముందు, నీ వైపు తిరిగి, వెనక్కి నడుస్తాను, దారి పొడుగునా నా మొహం నీకు కనపడేలా. పదకొండు పాటలూ పాడతాను, గొంతుతోనే. రోడ్డు మీద కాలు ఎంత గట్టిగా వేసినా అడిగేవాళ్ళుండరు. వెనకాల గుంత వస్తే చెయ్యెత్తు, ఆగుతాను. సైకిల్ వస్తే పక్కకి లాగు.

ఆరున్నరకి గేటు దగ్గర ఉంటాను. అప్పటికి మొహాలు కనపడేంత వెలుతురు వచ్చేస్తుంది.

నీ గుండీ